టోర్నమెంటు ప్యాకేజీలు కొనేవారికి హెచ్చరిక: ఫైనల్ జరుగుతున్న సమయంలో మమ్మల్ని రత్నాల షోరూమ్‌లో కూర్చోబెట్టారు

విదేశాల్లో బ్యాడ్మింటన్ పోటీలు చూపిస్తామంటూ మన షటిల్ గ్రూపులన్నింటిలోనూ తిరిగే ఆ రంగుల ఫ్లయర్‌ను చూసి అడ్వాన్సు పంపాలని ఎవరైనా అనుకుంటూ ఉంటే, దయచేసి ఇది పూర్తిగా చదివిన తరువాతే డబ్బు సంగతి ఆలోచించండి. ఆ ఫ్లయర్ పంపుతున్న పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు కనుక నేను పేరు రాయవలసిన అవసరం లేదు. 2024 మే నెలలో థాయ్‌లాండ్ ఓపెన్ బ్యాడ్మింటన్ టోర్నమెంటుకు మమ్మల్ని బ్యాంకాక్ తీసుకువెళ్లింది ఆయనే. తీసుకువెళ్లిన మాట, తిరిగి తీసుకువచ్చిన మాట నిజమే గాని, ఏది చూపిస్తామని డబ్బు తీసుకున్నారో దానిని మాత్రం చూపించలేదు.

పూర్వకథ క్లుప్తంగా చెప్పేస్తాను. మా మామగారిది అమలాపురం. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైనా ఈనాటికీ తెల్లవారుజామున రాకెట్ పట్టుకుని కోర్టుకు వెళ్లే మనిషి. 2022 మే 15న బ్యాంకాక్ ఇంపాక్ట్ ఎరీనాలో మన జట్టు, అప్పటికే 14 సార్లు విజేత అయిన ఇండోనేసియాను 3-0తో ఓడించి పురుషుల జట్ల ప్రపంచ పోటీ అయిన థామస్ కప్‌ను తొలిసారి గెలిచినప్పుడు, ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. తమ ఊరి కుర్రవాడు సాత్విక్, తన డబుల్స్ జోడీ చిరాగ్‌తో కలిసి ఆడే ఫైనల్ ఒక్కటైనా కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. సరిగ్గా ఆ సమయానికే మన మహానుభావుడి ఫ్లయర్ వచ్చింది. తలకు 68 వేల రూపాయలు. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్ టికెట్లు. స్టేడియానికి నడిచివెళ్లే దూరంలో హోటల్. రాజప్రాసాదం, ఖోన్ నృత్యం, నదిలో విహారం, ముయే థాయ్ అనే అక్కడి బాక్సింగ్, మసాజ్, అన్నీ కలిపే. ఇన్ని కలిపి అంత తక్కువకు ఎలా ఇస్తున్నారని అడగవలసిన నేను, పదిమంది కంటే ముందుగా డబ్బు పంపి సీట్లు ఖాయం చేసుకున్నానని మురిసిపోయాను. నా తెలివితేటలకు సన్మానం చేయవలసిందే.

పోటీలు జరిగిన నిమిబుత్ర్ స్టేడియం నగరం నడిబొడ్డున, స్కైట్రెయిన్ నేషనల్ స్టేడియం స్టేషన్‌ను ఆనుకుని ఉంటుంది. మాకు ఇచ్చిన హోటల్ డాన్ మువాంగ్ విమానాశ్రయం కూడా దాటిన తరువాత, రంగ్‌సిత్ వైపు ఉంది. నడిచివెళ్లే దూరమే, కాకపోతే దానిని మన రాష్ట్రాల్లో పాదయాత్ర అంటారు.

గ్రాండ్ ప్యాలెస్‌కు తీసుకువెళ్లారు. 1782లో ‘మొదటి రామ’ అనే థాయ్ రాజు బ్యాంకాక్‌ను రాజధానిగా చేసుకున్నప్పుడు మొదలైన ఆ ప్రాంగణంలో, మరకత బుద్ధుని ఆలయం చుట్టూ ఉన్న మండపాల గోడల మీద రామకథ మొత్తాన్ని 178 చిత్రాలుగా గీశారు. అక్కడ హనుమంతుడు తెల్లగా, ఆభరణాలతో మెరిసిపోతూ ఉంటాడు. సేతువు కట్టే సమయంలో రాళ్లు ఎత్తుకుపోతున్న రావణుని కూతురు, మత్స్యకన్య సువన్నమచ్చను ప్రేమించి ఒక కొడుకును కూడా కంటాడు. మన ఆంజనేయస్వామి బ్రహ్మచర్యం అక్కడ చెల్లదని తెలిసి మా మామగారు ముందు కంగారుపడి, తరువాత ఆసక్తిగా ఒక్కొక్క చిత్రం ముందు నిలబడి చూడసాగారు. కాని ఎంతసేపని? అరగంట తిరగకుండానే కో-ఆర్డినేటర్ కుర్రవాడు జెండా ఊపుతూ అందరినీ బస్సు వైపు తోలాడు. తరువాతి మజిలీ ఏదో పెద్ద దర్శనీయ స్థలం కాబోలు అనుకున్నాము. అది తోలు బ్యాగుల దుకాణం.

ఖోన్ సంగతి మరీ విడ్డూరం. మాస్కులు ధరించి రామాయణాన్ని అభినయించే ఈ నృత్యాన్ని 2018లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ప్యాకేజీలో ఉందన్న ఆ ప్రదర్శనకు అక్కడికి వెళ్లిన తరువాత ‘ప్రత్యేక ఆసనాల రుసుము’ అంటూ తలకు 800 బాత్ (థాయ్ కరెన్సీ) అదనంగా వసూలు చేశారు. చేతిలో ఉన్న ప్యాలెస్ టికెట్టును తీరికగా చదివితే, 500 బాత్‌ల ఆ ప్రవేశ టికెట్టుతోనే సాలా చలెర్మ్‌క్రుంగ్ థియేటర్‌లో ఖోన్ చూడవచ్చునని స్పష్టంగా రాసి ఉంది. అడిగితే, ‘‘అది వేరు సార్, ఇది వేరు’’ అన్నాడు కుర్రవాడు. రెండూ ఒకే వేదిక, ఒకే నటులు, ఒకే సమయం. వేరైనది మా 800 బాత్‌లు మాత్రమే.

అయినా ఊరుకున్నాము. ఎందుకంటే క్వార్టర్స్, సెమీస్ టికెట్లు నిజంగానే ఇచ్చారు. స్టేడియం చిన్నది కావడం వల్ల స్మాష్ కొట్టినప్పుడు వచ్చే శబ్దం పై వరుసలో కూర్చున్నా గుండెకు తగులుతుంది. పక్కన కూర్చున్న థాయ్ కుటుంబం తమ క్రీడాకారులకు ఎంత ఉత్సాహంగా చప్పట్లు కొట్టిందో సాత్విక్, చిరాగ్‌ల ర్యాలీలకు కూడా అంతే మనస్ఫూర్తిగా కొట్టింది. ఆ ఇంటి పెద్దావిడ మా మామగారికి మామిడిపండు ముక్కలు పెట్టిన కొబ్బరిపాల అన్నం పొట్లం ఇచ్చి, తినేదాకా ఊరుకోలేదు. సెమీస్ గెలిచిన రాత్రి ఆయన నిద్రపోలేదు. ఈ రెండు రోజుల టికెట్లు ఎర అని మాకు అప్పుడు తోచలేదు.

ఇక మే 19, ఆదివారం. ఆ రాత్రికే తిరుగు విమానం కనుక ఉదయమే గదులు ఖాళీ చేయించి, పెట్టెలన్నీ బస్సు కింద అరలో పెట్టించారు. ఫైనల్ టికెట్లు స్టేడియం గేటు దగ్గర ఇస్తామన్నారు. బస్సు నగరం వైపు వెళ్తూ వెళ్తూ ఒక పక్కదారిలోకి తిరిగి, అద్దాల గోడలున్న పెద్ద భవనం ముందు ఆగింది. ‘‘పది నిమిషాల హాల్టు, బాత్రూమ్ సౌకర్యం కూడా ఉంది’’ అన్నాడు కో-ఆర్డినేటర్. లోపలికి అడుగు పెడుతుండగానే ఒక అమ్మాయి చిరునవ్వుతో ప్రతివారి చొక్కా మీదా గుండ్రటి పసుపు స్టిక్కరు అంటించింది. దాని మీద ఏదో నంబరు ఉంది. భద్రత కోసమేమో అనుకున్నాను. మా గుంపులో ఎవరు ఏమి కొన్నా కమీషన్ ఎవరి ఖాతాకు వెళ్లాలో చెప్పే నంబరు అదని, అంతకుముందు ఇలాంటి యాత్రకే వచ్చి దెబ్బతిన్న ఒక సహయాత్రికుడు తరువాత చెప్పాడు. మేము సంతలో పశువుల్లా ముద్రలు వేయించుకుని లోపలికి నడిచాము.

ముందు చీకటి గదిలో కూర్చోబెట్టి, భూమి లోపలి నుంచి నీలాలు, కెంపులు ఎలా తీస్తారో సినిమా చూపించారు. తరువాత రాళ్లు సానపట్టేవారిని చూపించారు. ఆ తరువాత ఎటు చూసినా అద్దాల బీరువాలే తప్ప బయటికి దారి కనబడని హాలులోకి వదిలారు. నల్ల మఖమలు పరచిన పళ్లెంలో నీలం ఉంగరాలు పేర్చుకుని, హిందీ ధారాళంగా మాట్లాడే ఒక సేల్స్‌మన్ మా మామగారి వెంట పడ్డాడు. ఆయన ఫోన్‌లో స్కోరు చూసుకుందామని తీస్తే, లోపల ఫోన్లు వాడకూడదని దానిని జేబులో పెట్టించారు. పది నిమిషాలు అయ్యాయి, అరగంట అయింది, గంట దాటింది. నేను వెళ్లి, ఫైనల్స్ మొదలయ్యే వేళయిందని కో-ఆర్డినేటర్‌కు చెప్పాను. అతను ఇచ్చిన సమాధానాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ‘‘ఎవరో ఒకరు ఏదో ఒకటి కొంటే గాని బస్సు కదలదు సార్. మ్యాచ్ ఎక్కడికి పోతుంది, సాయంత్రం ఫోన్‌లో వస్తుంది. అంకుల్‌ను ఏసీలో కూర్చోమనండి.’’

నేను గొంతు పెంచాను. టికెట్లు చేతికి ఇస్తే మా దారిన మేము వెళ్తామన్నాను. అప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. ఫైనల్ టికెట్లు అతని దగ్గర లేవు. ఎవరి దగ్గరా లేవు. అసలు కొననే లేదు. మన పెద్దమనిషికి ఫోన్ చేస్తే, ఎంతో ఓపికగా, చిన్నపిల్లవాడికి చెబుతున్నట్టుగా, ‘‘ఫ్లయర్‌లో ఫైనల్ పక్కన చుక్క గుర్తు ఉందండీ, కింద ‘లభ్యతను బట్టి’ అని రాశాము, మీరు చదువుకున్నవారు, చూసుకోవాలి కదా’’ అన్నారు. నిజమే, ఉంది. భూతద్దంతో చూస్తే కనబడుతుంది. అది ఉన్నంత మాత్రాన, టికెట్లు గేటు దగ్గర ఇస్తామని ఆ ఉదయం కూడా మా ముఖాల మీద ఎలా అబద్ధమాడారని అడిగితే లైను కట్ అయింది.

పెట్టెలు బస్సులో ఉన్నాయి, డ్రైవరు భోజనానికి వెళ్లాడు, సామాను అర తాళంచెవి అతని దగ్గర ఉంది. అతని కోసం వెతికి, పెట్టెలు దింపించుకుని, యాప్‌లో కారు పిలిపించుకుని బయలుదేరేసరికి సాత్విక్, చిరాగ్‌లు చైనా జోడీ చెన్ బో యాంగ్, లియు యిలతో కోర్టులోకి దిగిపోయారు. అమలాపురం నుంచి బ్యాంకాక్ దాకా వచ్చిన మనిషి ఆ ఫైనల్‌ను విభావది రంగ్‌సిత్ రోడ్డు మీది ట్రాఫిక్‌లో, కారు వెనుక సీట్లో, చేతిలోని ఫోన్‌లో మారుతున్న అంకెల రూపంలో చూశారు. 21-15, 21-15. కారు స్టేడియం దరిదాపులకు కూడా చేరకముందే ఫైనల్ ముగిసిపోయింది. 2019 తరువాత వారికి ఇది రెండో థాయ్‌లాండ్ ఓపెన్ టైటిల్. ‘‘పోనీలే అల్లుడూ, మనవాడు గెలిచాడు కదా’’ అన్నారాయన. ఆ మాట అనకుండా నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు ఇంత మండేది కాదు.

డబ్బు వాపసు అడిగితే వచ్చిన జవాబు కూడా వినండి: ఆ ఏడాది పారిస్ ఒలింపిక్స్‌కు వేసిన ప్యాకేజీ మీద మాకు 5,000 రూపాయల ‘ప్రత్యేక రాయితీ’ ఇస్తామన్నారు. వారి ఉదారతకు కళ్లు చెమర్చాయి. ఆ తరువాత నా నంబరును బ్లాక్ చేశారు.

ఈ కోపంలో బ్యాంకాక్‌ను గాని, అక్కడి మనుషులను గాని ఎవరూ తప్పు పట్టవద్దు. మోసం చేసింది మనవాళ్లే. ప్యాకేజీ పట్టికలో ‘తీరిక సమయం’ అని రాసిన ఒక మధ్యాహ్నం మేమిద్దరమే బయలుదేరి సాథోర్న్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కాము. టికెట్టు అప్పట్లో 16 బాత్. వాట్ అరుణ్ ఆలయం దగ్గర దిగి, పింగాణీ ముక్కలు పొదిగిన ఆ గోపురాన్ని తీరికగా చూసి, 5 బాత్‌ల పడవలో నది దాటి, వాట్ ఫోలో 46 మీటర్ల పొడవున పవళించిన బుద్ధుణ్ణి దర్శించుకున్నాము. ఆ ఆలయ ప్రాంగణంలోనే సంప్రదాయ మర్దన నేర్పే పాఠశాల ఉంది. మామగారి మోకాళ్లు అక్కడ ఒక గంటలో తేలికపడ్డాయి. మాకు ప్యాకేజీలో ఇచ్చిన మసాజ్ కూపన్ మాత్రం ఒక మాల్‌లో మీటనొక్కితే కదిలే కుర్చీకి సంబంధించినది. రాత్రికి 1945 నుంచి నడుస్తున్న రాజదమ్నర్న్ స్టేడియంలో మా డబ్బుతో మేమే ముయే థాయ్ చూశాము. పిడిగుద్దులకు ముందు యోధులు తలకు పవిత్రమైన కట్టు ధరించి, సన్నాయి జాతి వాద్యానికి, డోళ్లకు అనుగుణంగా రింగు చుట్టూ నెమ్మదిగా తిరిగి గురువుకు నమస్కరించే తీరు చూసి మా మామగారు లేచి నిలబడి చేతులు జోడించారు. ఈ ఆనందాలలో ఏ ఒక్కదానికీ ఏ ఏజెంటూ అవసరం లేదు.

కాబట్టి వెళ్లదలచినవారు మ్యాచ్ టికెట్లను అధికారిక విక్రేత దగ్గర స్వయంగా కొనుక్కోండి. ఏజెంటు కొన్నానంటే, టికెట్టు మీ చేతికి రానిదే మిగతా డబ్బు కట్టవద్దు. కార్యక్రమ పట్టికలో ‘రత్నాల కర్మాగార సందర్శన’ వంటి మాట కనబడితే అది షోరూమ్ అని అర్థం చేసుకోండి. తిరుగు ప్రయాణం రోజున సామాను ఎవరి బస్సులోనూ పెట్టవద్దు. గ్రాండ్ ప్యాలెస్ ఈరోజు మూసేశారని రోడ్డు మీద ఎవరైనా చెబితే నమ్మకుండా నేరుగా గేటు దాకా వెళ్లండి. అక్కడ ఇబ్బంది వస్తే టూరిస్టు పోలీసుల నంబరు 1155. ఇక్కడ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ఫ్లయర్, రశీదు, చెల్లింపుల వివరాలు, ఆ రోజు కాల్ రికార్డు అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇదే వ్యక్తి దగ్గర ఇంతకుముందు ఏ టోర్నమెంటు ప్యాకేజీలోనైనా ఇలా నష్టపోయినవారు ఉంటే తమ రశీదులు తీసి పెట్టుకుని నాకు విడిగా సందేశం పంపండి. వినియోగదారుల కమిషన్‌లో అందరం కలిసి ఫిర్యాదు వేద్దాం.