అరెస్టర్ కింద సర్జ్ రికార్డర్: ఒక వర్షాకాలం వాడాక

మా 132 కేవీ సబ్‌స్టేషన్ యార్డులో ట్రాన్స్‌ఫార్మర్‌కు ముందున్న మూడు లైట్నింగ్ అరెస్టర్లకు (పిడుగు కరెంటును భూమిలోకి మళ్లించే పరికరాలు) రోగోవ్‌స్కీ కాయిల్‌తో (తీగ చుట్టూ తొడిగి కరెంటు కొలిచే చుట్ట) పనిచేసే సర్జ్ రికార్డర్లు పెట్టాం. సర్జ్ అంటే ఒక్కసారిగా దూసుకొచ్చే కరెంటు. వర్షాకాలమంతా వాడాక చెబుతున్నా, డబ్బుకు తగ్గ వస్తువే.

పాత కౌంటర్లు సర్జ్ వెళ్లిన ప్రతిసారీ ఒక అంకె జరుపుతాయి, అంతే. ఎంత వెళ్లిందో, ఎప్పుడు వెళ్లిందో చెప్పవు. ఒక రాత్రి ఉరుములు, మెరుపులతో వాన కురిసింది. పొద్దున్నే చూస్తే మూడు ఫేజుల కౌంటర్లూ ఒక్కో అంకె జరిగి ఉన్నాయి. రికార్డర్‌లో మాత్రం ఆర్ ఫేజుకు 6.2 కిలో ఆంపియర్లు, నెగెటివ్ అని ఉంది. మిగతా రెండింటికి ఒక కిలో ఆంపియర్ కూడా లేదు. ఏ అరెస్టర్‌ను ముందు పరీక్షించాలో అక్కడే తేలిపోయింది.

మా అరెస్టర్లు 10 కిలో ఆంపియర్ల రేటింగువి, కాబట్టి అది తట్టుకోగల దెబ్బే. అయినా వాన తెరిపిచ్చి, పైన పోర్సిలిన్ బాగా ఆరాక ఆర్ ఫేజు లీకేజీ కరెంటు (మామూలు వోల్టేజీలోనూ అరెస్టర్ గుండా భూమిలోకి కారే కొద్దిపాటి కరెంటు) చూశాం. తడి మీద చూస్తే పైపైన పాకే కరెంటు కూడా రీడింగులో కలిసిపోతుంది. పైగా లీకేజీలో ఎక్కువ భాగం కెపాసిటివ్, అంటే అరెస్టర్ బాగున్నా ఉండేదే. అరెస్టర్ లోపలి జింక్ ఆక్సైడ్ బిళ్లలు పాడవుతుంటే పెరిగేది అందులో చిన్నదైన రెసిస్టివ్ భాగం. అందుకే ఆ భాగాన్ని పట్టిచ్చే థర్డ్ హార్మోనిక్ (సరఫరాకు మూడింతల ఫ్రీక్వెన్సీలో ఉండే కరెంటు) కూడా కొలిచాం. పాత రీడింగుకూ దీనికీ తేడా లేదు. టెన్షన్ తీరింది.

నాకు బాగా నచ్చింది బిగించే పద్ధతి. కాయిల్‌ను ఎర్త్ తీగ చుట్టూ తొడిగితే చాలు, తీగ కోసి అదనపు ముక్క కలపక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. మీటరు తీగకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) ఉంటుంది. 8 మైక్రోసెకన్లలో 10 కిలో ఆంపియర్లు ఎగబాకితే, అదనంగా పెట్టిన ప్రతి మీటరూ ట్రాన్స్‌ఫార్మర్ మీద దాదాపు 1,250 వోల్టుల భారం పెంచుతుంది. కాయిల్‌లో ఇనుప కోర్ లేదు కాబట్టి ఎంత పెద్ద సర్జ్‌కైనా సాచురేట్ అవదు, అంటే కొలత ఒకచోట ఆగిపోదు. తొడగడం తేలికే అయినా లైన్ క్లియర్ (కరెంటు ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకోకుండా ఎర్త్ తీగ దగ్గరికి పోవద్దు. అరెస్టర్ కింది ఇన్సులేటింగ్ బేస్ కూడా చూసుకోండి. అక్కడ మట్టి పేరుకున్నా, బోల్టు స్ట్రక్చర్‌కు తగిలినా కొంత కరెంటు పక్కదారి పడుతుంది, రికార్డర్ తక్కువ చూపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. ఎండలో స్క్రీన్ కనిపించదు, చెయ్యి అడ్డం పెట్టుకుని చదవాల్సిందే. అసలు ఇబ్బంది గడియారం. వారాలు గడిచేకొద్దీ వెనకపడుతుంది. రిలే (లోపం వస్తే లైన్‌ను ట్రిప్ చేయించే పరికరం) ఈవెంట్ లాగ్‌తో పోల్చి, ఏ ట్రిప్పు పిడుగు వల్ల వచ్చిందో, ఏది కాదో తేల్చుకోవాలంటే సెకన్ల తేడా కూడా పనికిరాదు. ఆర్డరు పెట్టేముందు జీపీఎస్ టైమ్ సింక్ ఉందా లేదా అని రాతపూర్వకంగా అడగండి.