జింప్‌తో మొదలుపెట్టాలా, ఫోటోషాప్‌తోనా?

రెండూ ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లే. హన్మకొండలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోలో పనికి చేరాలనుకుంటే ఎక్కువ ఆలోచన అక్కర్లేదు, ఫోటోషాప్ నేర్చుకోండి. 1990 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్ ఇది. స్టూడియోల్లో చేతులు మారే డిజైన్లు ఎక్కువగా ఫోటోషాప్ సొంత ఫార్మాట్ అయిన పీఎస్‌డీ ఫైళ్లే. జింప్‌లోనూ అవి తెరుచుకుంటాయి గానీ, లేయర్ ఎఫెక్టులు (బొమ్మలోని పొరలకు వేసిన నీడ, మెరుపు లాంటివి) ఒక్కోసారి చెదిరిపోతాయి. ఫ్లెక్సీలు, ప్రెస్ పనులకు కావలసిన నాలుగు రంగుల ముద్రణ పద్ధతి సీఎంవైకేలోనూ ఫోటోషాప్‌దే పైచేయి.

సరదా కోసమైతే నా ఓటు జింప్‌కే. 1995లో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారు, ఇప్పటికీ ఉచితం. ఫోటోషాప్‌కు చందా కడుతూనే ఉండాలి.

ఖిలా వరంగల్ తోరణాన్ని మిట్టమధ్యాహ్నం ఫోటో తీసి చూడండి. రాయి నల్లగా, ఆకాశం తెల్లగా వస్తుంది. వెలుగునీడలు సరిచేసే కర్వ్స్ అనే సాధనంలో గీత కింది భాగాన్ని కొద్దిగా పైకి లాగితే నీడలో దాగిన చెక్కడాలు బయటపడతాయి. ఆకాశం మరీ తెల్లబడకుండా మార్పు ఆ భాగానికి తగలకుండా ఆపే లేయర్ మాస్క్ వేసి కాపాడాలి. ఈ రెండూ వస్తే సగం విద్య వచ్చినట్టే, రెండు సాఫ్ట్‌వేర్లలోనూ పద్ధతి ఒకటే. (ఆ చెక్కడాలు మరీ మెరిసేలా చేయకండి, ప్లాస్టిక్ బొమ్మల్లా ఉంటాయి.)

చేసిన మార్పును తర్వాత సవరించుకునే సౌకర్యం ఫోటోషాప్‌లో ఏనాటి నుంచో ఉంది. జింప్ ఫిల్టర్లకు అది 2025లో, 3.0 వెర్షన్‌తో అందింది. రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫోటోలు) తీసేవాళ్లయితే జింప్‌కు తోడుగా వాటిని తెరిచి దిద్దే డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, అదీ ఉచితమే.