మెడ డిస్క్ తీశాక పూసలను కలిపేయడమా, కృత్రిమ డిస్క్ అమర్చడమా: ఏది మేలు?

మెడలో పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని ఎం.ఆర్.ఐ.లో తేలి, ఆపరేషన్ దాకా వచ్చిన రోగి ముందు సర్జన్లు సాధారణంగా రెండు పద్ధతులు ఉంచుతారు. రెండింటిలోనూ మొదటి సగం ఒకటే: మెడ ముందువైపు చిన్న కోత పెట్టి, శ్వాసనాళాన్నీ అన్నవాహికనూ నెమ్మదిగా ఒక పక్కకు జరిపి, మైక్రోస్కోపు సాయంతో పాడైన డిస్కునూ, నరానికి ఒరుసుకుంటున్న ఎముక ముళ్ళనూ తీసేస్తారు. ఖాళీ అయిన చోట ఎముక ముక్కనో, చిన్న పెట్టెలాంటి ఆధారమైన కేజ్‌నో పెట్టి, చాలావరకు దానిమీద టైటానియం ప్లేటు కూడా బిగించి, రెండు పూసలూ ఒకే ఎముకగా అతుక్కునేటట్టు చేస్తే అది ఫ్యూజన్. కదిలే పరికరాన్ని అమర్చితే అది కృత్రిమ డిస్క్. చేతిలోకి పాకే నొప్పిని తగ్గించేది ఆ మొదటి సగమే కనుక, నొప్పి తగ్గడం ఒక్కటే చూస్తే రెండింటి ఫలితాలూ దాదాపు సమానం.

ఎంపికకు ముందు నొక్కుడు పడుతున్నది చేతికి వెళ్ళే నరం మీదనా, వెన్నుపాము మీదనా అన్నది తేలాలి. నరం మాత్రమే నొక్కుకుని, చేతి బలం తగ్గకుండా నొప్పీ తిమ్మిరీ ఉన్నవారిలో ఎక్కువమందికి మందులు, విశ్రాంతి, ఫిజియోథెరపీతో 6 నుంచి 12 వారాల్లో ఉపశమనం కలుగుతుంది. అలాంటివారికి ఆ రెండు ఆపరేషన్ల కంటే ముందు ఎంచుకోవలసింది ఓపికే. వెన్నుపాము నలుగుతున్నప్పుడు మాత్రం ఆలస్యం ప్రమాదకరం. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవడం, అన్నం కలుపుతుంటే వేళ్ళు మాట వినకపోవడం, కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, నడకలో తూలు రావడం దాని గుర్తులు. వీటిని వయసు మీద పడటంగా భావించి నెలల తరబడి ఊరుకునే పెద్దవారిని తలుచుకుంటే బాధ కలుగుతుంది, ఎందుకంటే అప్పటికే పోయిన శక్తిని ఆపరేషన్ పూర్తిగా తిరిగి తేలేకపోవచ్చు. ఇక నరం మీద ఒత్తిడి ఏదీ లేకుండా మెడనొప్పి ఒక్కటే ఉన్నవారికి ఈ రెండింటిలో దేనినీ నమ్మకంగా సూచించలేము.

ఫ్యూజన్ 1950ల నుంచి వాడుకలో ఉన్న పద్ధతి కావడంతో దాని మంచిచెడ్డలు సర్జన్లకు బాగా తెలుసు. మెడ కొయ్యబారిపోతుందన్న భయం రోగులలో ఎక్కువగా కనిపిస్తుంది కాని, ఒక్క స్థాయిలో, అంటే ఒకే జత పూసల మధ్య, చేసే ఫ్యూజన్ విషయంలో అది చాలావరకు అనవసరం. తలను అటూ ఇటూ తిప్పే కదలికలో దాదాపు సగం అన్నిటికంటే పైన ఉండే రెండు పూసల మధ్యే జరుగుతుంది. డిస్క్ ఎక్కువగా పాడయ్యేది కింద ఉండే (మెడ పూసలను పై నుంచి సి1 మొదలు సి7 దాకా లెక్కిస్తారు) సి5–సి6, సి6–సి7 పూసల మధ్య. మూడు నాలుగు స్థాయిలు కలిపినప్పుడు బిగువు స్పష్టంగా తెలుస్తుంది. అసలు ఆలోచించవలసిన సమస్య వేరే ఉంది. కలిపిన చోట కదలిక ఆగిపోవడంతో పైనా కిందా ఉన్న డిస్కుల మీద భారం పెరుగుతుంది. 1999లో అమెరికాలో వెలువడిన పేరున్న అధ్యయనం ఒకటి, ఫ్యూజన్ తరవాత ఏడాదికి సుమారు 2.9 శాతం మందిలో పక్క స్థాయిలో కొత్తగా లక్షణాలు మొదలవుతున్నాయని చెప్పింది. అందులో ఎంత భాగం ఫ్యూజన్ వల్ల, ఎంత భాగం సహజమైన అరుగుదల వల్ల అన్న చర్చ ఇంకా తెగలేదు. పొగతాగేవారిలో ఎముక అతుక్కోకపోయే అవకాశం కూడా ఎక్కువ.

ఆ భారాన్ని తగ్గించాలన్న ఆలోచనతోనే కృత్రిమ డిస్క్ వచ్చింది. మందులనూ వైద్య పరికరాలనూ అనుమతించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2007లో మెడకు మొదటి కృత్రిమ డిస్కులను అనుమతించింది. ఫ్యూజన్‌తో పోల్చుతూ జరిపిన పెద్ద పరీక్షల్లో కొన్ని, ఏడేళ్ళ తరవాత కూడా కృత్రిమ డిస్క్ పెట్టించుకున్నవారిలో మళ్ళీ ఆపరేషన్ అవసరమైనవారు తక్కువని చూపాయి. అయితే ఆ పరీక్షలకు తీసుకున్నది జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగులను. ఎముకలు గుల్లబారినవారికి, పూసల వెనుక కీళ్ళు బాగా అరిగినవారికి, పూసలు నిలకడ తప్పి జరుగుతున్నవారికి ఇది తగదు. కొందరిలో పరికరం చుట్టూ కొత్తగా ఎముక పెరిగి, కాపాడదామనుకున్న కదలికే పోతుంది. సాధారణంగా ఖర్చు కూడా ఎక్కువే కనుక, బీమా వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం అవసరం.

నా అభిప్రాయంలో, నలభై ఏళ్ళ లోపు వయసు, ఒక్కచోటే జారిన మెత్తని డిస్క్, వెనుక కీళ్ళు ఆరోగ్యంగా ఉన్న రోగికి కృత్రిమ డిస్క్ మేలు. అరవై దాటి, డిస్క్ పూర్తిగా కుంగి, ఎముక ముళ్ళు పెరిగి వెన్నుపాము నలుగుతున్నవారికి ఫ్యూజనే నిశ్చింత. డిస్క్ బాగా పక్కకు జారి ఒక్క నరాన్నే నొక్కుతుంటే, మెడ వెనుక నుంచి నరం దారిని వెడల్పు చేసే ఆపరేషన్ కుదురుతుందేమో కూడా అడగాలి. దానిలో పరికరమే అక్కరలేదు.

ముందువైపు నుంచి చేసే రెండు పద్ధతుల్లోనూ కొన్ని వారాల పాటు మింగడం ఇబ్బందిగా ఉండవచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. చాలామందిలో ఇవి తగ్గిపోతాయి కాని, గొంతే జీవనాధారమైన ఉపాధ్యాయులు, గాయకులు ఈ మాట సర్జన్‌తో ముందుగానే చర్చించాలి. ఆపరేషన్ తరవాత మొదటి రోజుల్లో మెడ వేగంగా వాచి, ఊపిరి అందకపోతే, లోపల రక్తం చేరిందేమోనని అనుమానించి క్షణం ఆలస్యం లేకుండా వైద్య సిబ్బందిని పిలవాలి. ఇంటికి వచ్చాక అయితే వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళాలి.