పదికి ఎంతుంది? దగ్గగలుగుతున్నారా? ఆపరేషన్ తర్వాత నొప్పిని ఎలా అడిగితే మేలు

సర్జికల్ వార్డులో పొద్దున షిఫ్ట్ సిస్టర్ బీపీ, పల్స్, జ్వరం చూశాక అడిగే మాట: "నొప్పి పదికి ఎంతుంది?" ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే ఎన్‌ఏబీహెచ్ సంస్థ గుర్తింపు కావాలంటే నొప్పి సంగతి అడిగి రాయాల్సిందే కాబట్టి ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో ఈ ప్రశ్న వినిపిస్తోంది. మంచిదే. కానీ అడిగే పద్ధతులు నాలుగైదున్నాయి. నా ఓటు దేనికో ముందే చెప్పేస్తా: అంకె రాసుకుని వెళ్లిపోవడం కంటే, ఆ నొప్పితో మనిషి ఏం చేయగలుగుతున్నాడో చూడటం మేలు.

అలాగని అంకెను తీసిపారేయలేం. అర నిమిషం పట్టదు, కాగితం అక్కర్లేదు, ఫోన్లో కూడా అడగొచ్చు. మూడు దాకా కొద్దిపాటి నొప్పి, నాలుగు నుంచి ఆరు మధ్యరకం, ఏడు నుంచి తీవ్రం అని లెక్క. దాని అసలు బలం ఒకే మనిషిలో ముందుకీ తర్వాతకీ తేడా చూడటంలో ఉంది. ఇంజెక్షన్‌కి ముందు ఏడు అన్నవారు అరగంటాగి నాలుగు అంటే మందు పనిచేసినట్టే. రెండు అంకెలు గానీ 30 శాతం గానీ తగ్గితే మనిషికి తెలిసేంత ఉపశమనం కింద తీసుకుంటారు. ఈ మంచం మీది ఆరుకీ పక్క మంచం మీది ఆరుకీ మాత్రం పోలిక పెట్టకూడదు. పైగా మార్కులేసే అలవాటు లేని పెద్దవాళ్లు తికమకపడతారు. "నాకేం తెలుసమ్మా, నువ్వే వేసుకో" అంటుంది పెద్దావిడ. ఈలోగా కొడుకు "ఎనిమిది రాసుకోండి సిస్టర్" అంటాడు. చార్టులో ఎనిమిది పడుతుంది. ఎవరి ఎనిమిది అది?

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. పొట్ట ఆపరేషన్ అయిన మనిషి కదలకుండా పడుకుని "రెండు" అంటాడు. అబద్ధమేం కాదు. దగ్గమంటే కుట్ల దగ్గర పోటు ఎనిమిదికి పోతుంది, అందుకే దగ్గడు. ఊపిరి పైపైనే తీస్తాడు. కఫం లోపలే పేరుకుంటుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగ్గా తెరుచుకోదు, న్యుమోనియా వచ్చే ప్రమాదం పెరుగుతుంది. చార్టులో మాత్రం రెండు, రెండు, రెండు అని ముచ్చటగా ఉంటుంది. "పెద్దాయనా, దిండు పొట్టకి అదిమి పట్టుకుని ఓసారి గట్టిగా దగ్గండి" అని పక్కనే నిలబడి చూడండి. వేళ్లు దిండులో దిగబడతాయి, మొహం ముడుచుకుపోతుంది, దగ్గు గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. మందు చాలట్లేదని తెలియడానికి ఇక అంకె అక్కర్లేదు. మోకాలి మార్పిడి అయినవారిని అడగాల్సింది వేరు: మోకాలు ఎంత వంగుతోంది, వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లారా, రాత్రి నిద్ర పట్టిందా.

ఆస్ట్రేలియా ఆసుపత్రుల్లో దీన్ని ఏ, బీ, సీ అని మూడు మెట్లుగా రాసే పద్ధతి ఉంది: పనికి నొప్పి అడ్డం రావట్లేదు, కొంత అడ్డొస్తోంది, నొప్పి వల్ల చేయలేకపోతున్నారు. ఈ పద్ధతికి పట్టేది టైమే. వార్డు నిండా పేషెంట్లు, ఇద్దరే సిస్టర్లు అయితే అందరినీ దగ్గించి చూడమనడం న్యాయం కాదు. అలాంటిచోట అంకెనే రెండుసార్లు అడిగితే చాలు: పడుకున్నప్పుడు ఎంత, కదిలినప్పుడు ఎంత.

నాలుగేళ్లు దాటిన పిల్లలకు ముఖాల బొమ్మలే నయం. వాంగ్-బేకర్ బొమ్మల్లో మొదటిది నవ్వుతుంటుంది, చివరిది ఏడుస్తుంటుంది. సూదికి భయపడ్డ పిల్లాడు నొప్పి లేకపోయినా ఏడుపు మొహం మీదే వేలు పెట్టేయొచ్చు. 2001లో వచ్చిన సవరించిన ముఖాల స్కేలులో నవ్వూ లేదు, కన్నీళ్లూ లేవు. నేనైతే దానికే ఓటేస్తా. మాటలు రాని పసివాళ్లకు మొహం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరడిస్తే ఊరుకోవడం అనే అయిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులేసే ఫ్లాక్ స్కేలు ఉంది. నొప్పి ఎంతుందో పది సెంటీమీటర్ల గీత మీద గుర్తు పెట్టించే పద్ధతి పరిశోధనలకు సరే, చేతికి సెలైన్ ఉన్నవాళ్లతో వార్డులో గీతలు గీయించడం ఎందుకు?

ఇక తృప్తి ఫారం. "నొప్పికి చేసిన చికిత్సతో తృప్తి చెందారా?" అన్న ప్రశ్న నొప్పిని కొలవదు. నొప్పి ఎక్కువే ఉందన్నవాళ్లే చికిత్స బాగుందని రాయడం పరిశోధకులు దశాబ్దాలుగా చూస్తున్నదే. ఆపరేషనన్నాక నొప్పి ఉండదా అని ముందే సర్దుకుని ఉంటారు, సిస్టర్ ఓపిగ్గా మాట్లాడి ఉంటుంది, ప్రాణం దక్కిందన్న కృతజ్ఞత ఉంటుంది. మన దగ్గర ఇంకో సంగతి: ఫారం బిల్లుతోపాటు వస్తుంది, కౌంటర్ దగ్గర నిలబడి అల్లుడు టిక్కులు పెట్టేస్తాడు.

అమెరికాలో ఇది ఇంకో దారి పట్టింది. అక్కడ దేశమంతటా జరిపే ఆసుపత్రుల సర్వేలో "మీ నొప్పి ఎంత తరచుగా అదుపులో ఉంది" అని అడిగేవారు, ఆ సర్వే మార్కులను ప్రభుత్వ చెల్లింపులకు ముడిపెట్టారు. మార్కుల కోసం డాక్టర్లు ఓపియాయిడ్ మాత్రలు (వ్యసనంగా మారే ప్రమాదమున్న బలమైన నొప్పి మందులు) ధారాళంగా రాసే ఒత్తిడి వస్తోందన్న విమర్శ రేగింది. 2018లో ఆ ప్రశ్నలను నొప్పి గురించి మీతో మాట్లాడారా అన్న ధోరణికి మార్చారు, 2019లో అవీ తీసేశారు. నొప్పి గురించి అడగడమే మానేయడం మాత్రం నాకు మరో కొసకు పోవడంలా కనిపిస్తుంది.

ఫారం ఉంచాల్సిందే అంటే తృప్తి మాట పక్కనపెట్టి, పేషెంటునే ఇవి అడగొచ్చు: నొప్పి అని పిలిస్తే మందు ఎంతసేపటికి వచ్చింది? ఇచ్చాక ఎవరైనా మళ్లీ వచ్చి చూశారా? ఇంటికెళ్లాక నొప్పి పెరిగితే ఏ మాత్ర వేసుకోవాలో, ఎవరికి ఫోన్ చేయాలో చెప్పారా?