వెయ్యి సోముల నోటు మీది కవి ఊరు

కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదువుతున్న మా అమ్మాయిని చూడటానికి నేనూ మా ఆవిడా వెళ్లాం. ఆరు రోజుల్లో ఐదు రోజులు హాయిగా గడిచిపోయాయి. ఈ గొడవంతా ఆరో రోజుది.

కిర్గిజ్‌స్థాన్ వెయ్యి సోముల నోటు మీద ఒక పెద్దాయన బొమ్మ ఉంటుంది. (సోము, మన రూపాయి దాదాపు ఒకటే విలువ, లెక్కలకు సుఖం.) ఎవరని అడిగితే యూసుఫ్ బాలాసగుని అనే కవి అట, ఇక్కడి జాతీయ విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరే పెట్టారట. ఆయన ఊరు బాలాసగున్ ఆనవాళ్లు బురానా దగ్గర, 80 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయంటే బయల్దేరాం.

యాప్‌లో కారు పిలుద్దామని అమ్మాయి అంటూనే ఉంది. నేనే వినకుండా రోడ్డు మీద ఒకతనితో రానూ పోనూ 2,500కి మాట్లాడాను. నోటితోనే. కాగితం మీద అంకె రాయించుకోకపోవడం నా తప్పు.

బురానాలో మిగిలింది ఒక ఇటుకల మినారు. ఒకప్పుడు 45 మీటర్లట, భూకంపాలకు పైభాగం కూలి ఇప్పుడు 25 దాకా ఉంది. లోపల మెట్లు ఇరుకు, చీకటి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే ఉండండి. మా ఆవిడ నాలుగు మెట్లెక్కి "మీరు చూసొచ్చి చెప్పండి" అని దిగిపోయింది. పైనుంచి చూస్తే పొలాలు, అవతల మంచుకొండలు, అంతే. కానీ 1070ల్లో మహమూద్ కాష్గరి బాగ్దాద్‌లో తుర్కీ భాషల నిఘంటువు రాస్తూ గీసిన గుండ్రటి ప్రపంచ పటంలో నడిమధ్యన ఉన్నది ఈ బాలాసగునే! ఆ పుస్తకం పాత ప్రతి ఒక్కటంటే ఒక్కటే మిగిలింది, ఇస్తాంబుల్‌లో.

తిరిగొచ్చాక డ్రైవర్ 3,500 అన్నాడు. రెండు గంటలు ఆగాడట. అమ్మాయి రష్యన్‌లో పావుగంట పోట్లాడింది, మా ఆవిడ నా వైపు చూసిన చూపు వేరే చెప్పక్కర్లేదు. చివరికి మూడు వేలకు తెగింది. మూడు యూసుఫ్ నోట్లు. ఆయన కావ్యం 'కుతద్గు బిలిగ్'లో రాజు పాత్ర న్యాయానికి ప్రతిరూపం, పేరుకు 'సూర్యుడుదయించాడు' అని అర్థం. న్యాయం గురించి ఆరున్నర వేల పైచిలుకు ద్విపదలు చెప్పినాయన బొమ్మ ఉన్న నోట్లతోనే డ్రైవర్ నన్ను ముంచాడు.

ఆ కోపంతోనే అమ్మాయి చెప్పిన ఉయ్ఘుర్ హోటల్‌కి వెళ్లాం. (ఉయ్ఘుర్లంటే చైనా పశ్చిమాన ఉండే, తుర్కీ భాష మాట్లాడే ముస్లింలు.) బయటికి డాబాలా ఉంటుంది. లోపల పెద్దాయన పిండిముద్దను చేతుల్తోనే లాగి లాగి దారాలు తీస్తున్నాడు. అదే లగ్మాన్, వాళ్ల నూడుల్స్. మా ఆవిడ మాంసం ముట్టదని చెబితే కడాయి కడిగించి, టమాటా, క్యాప్సికం, వెల్లుల్లి, ఎండుమిర్చితో విడిగా వేయించి ఇచ్చాడు. ఐదు రోజులుగా పెరుగూ రొట్టెతో గడిపిన మనిషి రెండు ప్లేట్లు తిన్నది. ముగ్గురికీ టీతో కలిపి 940.

నోటు ఇస్తుంటే హోటల్ పెద్దాయన "మా యూసుఫ్" అన్నాడు. డ్రైవర్ కూడా పొద్దున "మా కవి" అనే అన్నాడు మరి! ఇద్దరిదీ తప్పు కాదు. పుట్టింది బాలాసగున్‌లో. 1069–70లో కావ్యం పూర్తి చేసింది మాత్రం కాష్గర్‌లో. దాన్ని అక్కడి పాలకుడికి సమర్పిస్తే కొలువులో 'ఖాస్ హాజిబ్' (రాజుగారి ఆంతరంగిక అధికారి) పదవి వచ్చింది. సమాధి కూడా అక్కడే, ఇప్పుడది చైనాలో ఉంది. ఉయ్ఘుర్ సాహిత్యమంటే మొదట చెప్పుకునేది ఈ కావ్యాన్నే.

పెద్దాయన తాతలు కాష్గర్ వైపు నుంచే వచ్చారట. సమాధి చూశారా అని అడిగించాను. 2017 తర్వాత అటువైపు ఎందరో ఉయ్ఘుర్ రచయితలు చైనాలో జైలుపాలయ్యారని చదివి ఉన్నాను, అయినా నోరు జారింది. ఆయన జవాబివ్వలేదు. ఇంకో ముద్ద తీసుకుని లాగడం మొదలుపెట్టాడు.

మీరు వెళ్తే బిష్కెక్ తూర్పు బస్టాండు నుంచి తొక్మోక్ పట్టణానికి వ్యాను ఎక్కండి, అక్కడి నుంచి బురానాకు టాక్సీ. హోటల్‌కి మాత్రం ఏడు లోపే వెళ్లండి, తర్వాత పిండి అయిపోతుందట.