తమ్ముడి బిడ్డా, కారా ద్వారా వచ్చే బిడ్డా? అమెరికాలో ఉన్నవాళ్ళకు ఏ దత్తత మేలు?

మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు. భార్యాభర్తలిద్దరికీ అమెరికా పౌరసత్వం ఉంది. నలభై దాటినా పిల్లల్లేరు. మూడేళ్ళ కిందట సంక్రాంతికి వచ్చినప్పుడు వాడి తమ్ముడు, "మా రెండోవాణ్ణి నువ్వు పెంచుకో అన్నయ్యా" అన్నాడు. పిన్ని కళ్ళు తుడుచుకుంది. వారం తిరక్కుండా పురోహితుడు, దత్త హోమం, రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం, బాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోటో, అన్నీ అయిపోయాయి. ఆ పత్రం డాలస్‌లో లాయరుకు చూపిస్తే ఆయన మొదట అడిగింది ఒకటే. "ఇది ముందే ఎందుకు చేశారు?"

"సొంతవాళ్ళ బిడ్డే కదా, మనకి అడ్డేముంటుంది" అనుకుంటాం. అమెరికాకు తీసుకెళ్ళాలంటే మాత్రం ముక్కూ మొహం తెలియని బిడ్డ కన్నా తమ్ముడి బిడ్డే కష్టం. ఎందుకో చెప్తాను.

ముందు కారా దారి. కారా అంటే కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ. అమెరికాలో ఉన్నవాళ్ళు దానికి నేరుగా అప్లై చేయరు, కారా గుర్తింపు ఉన్న అక్కడి ఏజెన్సీ ద్వారా వెళ్తారు. ఏజెన్సీ వాళ్ళు ఇంటికొచ్చి హోమ్ స్టడీ చేస్తారు, ఆ తర్వాత అమెరికా ఇమ్మిగ్రేషన్‌కి ఐ-800ఏ ఫారం (మీరు దత్తతకు తగినవాళ్ళేనా అని తేల్చేది). బిడ్డ ఎవరో తేలాక ఆ బిడ్డ కోసం ఐ-800 ఫారం, కారా నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), చివరికి జిల్లా కలెక్టర్ ఉత్తర్వు. 2022 సెప్టెంబరుకి ముందు ఈ ఉత్తర్వు కోర్టు ఇచ్చేది, ఇప్పుడు కలెక్టర్ ఇస్తున్నారు. అన్నీ సరిగ్గా ఉంటే అమెరికాలో దిగిన రోజే బిడ్డకు పౌరసత్వం వస్తుంది. మెట్లు ఎక్కువే, కానీ ప్రతి మెట్టూ ఎక్కడుందో ముందే తెలుస్తుంది. ఈ దారిలో నాకు నచ్చింది అదే.

నచ్చనిది ఎదురుచూపు. ఆరోగ్యంగా ఉన్న పసిపాపే కావాలంటే ఏళ్ళు పడుతుంది. 2024-25లో దేశం మొత్తం మీద కారా ద్వారా జరిగిన దత్తతలు 4,515. అందులో 4,155 మంది పిల్లలు ఈ దేశంలోని ఇళ్ళకే వెళ్ళారు. మిగిలినవాళ్ళే విదేశాలకు. వయసు లెక్క ఇంకొకటి. రెండేళ్ళ లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు కలిపి 85 దాటకూడదు. ఆయనకు 45, ఆవిడకు 42 అయితే 87, ఇక ఆ పసిపాప రాదు. రెండు నుంచి నాలుగేళ్ళ బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ బిడ్డకు 100. ఐవీఎఫ్‌లు అన్నీ అయ్యాక చివరికి ఇటు చూసేవాళ్ళు చాలామంది ఈ లెక్క దగ్గరే ఆగిపోతున్నారు. అయిదారేళ్ళ బిడ్డనో, గ్రహణం మొర్రి లాంటి ఆపరేషన్‌తో సరిచేయగల సమస్య ఉన్న బిడ్డనో తీసుకోవడానికి సిద్ధపడేవాళ్ళకు వరస చాలా ముందుకొస్తుంది. ఆ మనసు ఉంటే నేను ఇదే దారి చెప్తాను.

ఇక బంధువుల బిడ్డ. మన జువెనైల్ జస్టిస్ చట్టంలో దీనికి విడిగా సెక్షనే ఉంది, వయసు పరిమితీ వర్తించదు, క్యూ కూడా లేదు. బిడ్డకు అయిదేళ్ళు నిండితే వాడి ఒప్పుదల కూడా కావాలి. వినడానికి బాగుంది కదా? చిక్కు మొదలయ్యేది "బంధువు" అనే మాట దగ్గరే. పెదనాన్న, బాబాయి, మేనమామ, అత్త, పెద్దమ్మ, పిన్ని, తాతయ్యలు, నాయనమ్మ, అమ్మమ్మ. చట్టం లెక్కలో అంతే. మన ఇళ్ళల్లో నాన్నగారి పెదనాన్న కొడుకు కూడా బాబాయే. చట్టానికి కాదు. కజిన్ బిడ్డను ఈ సెక్షన్ కింద తీసుకోలేరు.

అసలు గోడ అమెరికా వైపుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ బతికి ఉంటే, బిడ్డను సరిగా పెంచే శక్తి వాళ్ళకు లేదని రుజువైతేనే ఐ-800 ఆమోదిస్తారు. మా పిన్ని చిన్నకొడుకు బ్యాంకు ఉద్యోగి, సొంత ఫ్లాట్ ఉంది. "అన్నయ్యకు పిల్లల్లేరు కాబట్టి ఇస్తున్నాను" అనేది మన ఊళ్ళో త్యాగం. ఆ ఫారం దగ్గర అది కారణమే కాదు. దీనికి తోడు, ఐ-800కి తాత్కాలిక ఆమోదం రాకముందే దత్తత పూర్తి చేసుకుంటే, ఆ దత్తతను రద్దు చేయిస్తే తప్ప దరఖాస్తు నిలవదు. హోమం ఎంత శాస్త్రోక్తంగా చేశారన్నది అక్కడ ఎవరూ అడగరు. (1956 హిందూ దత్తత చట్టం ప్రకారం ఇక్కడ కూడా హోమం తప్పనిసరి కాదు, పురోహితుడు ఆ మాట చెప్పడు.)

అన్నావదినలు ప్రమాదంలో పోయి, వాళ్ళ పాప తాతయ్య దగ్గర పెరుగుతుంటే సంగతి వేరు. అలాంటప్పుడు కారా వరసలో నిలబడక్కర్లేదు, బంధువుల దారే మేలు. దత్తత పత్రం జోలికి పోకుండా ముందు ఫారాలు, తర్వాత కలెక్టర్ ఉత్తర్వు.

ఇంత అనుమానం ఎందుకని విసుక్కునే ముందు మన హైదరాబాద్ సంగతి గుర్తు చేసుకోవాలి. 1999లో, మళ్ళీ 2001లో, తండాల్లో పుట్టిన ఆడపిల్లల్ని కొద్ది డబ్బులకు కొని దత్తత పేరుతో విదేశాలకు పంపే వ్యాపారం బయటపడింది. పేదరికం సాకుతో బిడ్డను వదులుకోవడాన్ని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నిషేధించింది. దేశాల మధ్య దత్తతల మీద ఉన్న హేగ్ ఒప్పందాన్ని 2003లో భారత్ ఆమోదించింది, 2008 నుంచి అమెరికా కూడా ఆ ఒప్పందంలో ఉంది. కన్నవాళ్ళు ఎందుకు ఇస్తున్నారని రెండు వైపులా తవ్వి తవ్వి అడగడం అందుకే. నాకైతే అది తప్పుగా అనిపించదు.

మూడోది, మావాడు తెలియకుండా ఎక్కిన దారి. హిందూ దత్తత చట్టం కింద పత్రం రాయించుకుని, ఇండియాలోనే బిడ్డతో రెండేళ్ళు కలిసి బతకడం. ఆ తర్వాత ఐ-130, అంటే సొంత కుటుంబ సభ్యుల కోసం వేసే మామూలు ఇమ్మిగ్రేషన్ ఫారం, వేయవచ్చు. అందులో కన్నవాళ్ళ స్తోమత ప్రశ్న రాదు. గ్రీన్ కార్డు వాళ్ళకు ఐ-800 అర్హతే లేదు, కాబట్టి వాళ్ళకూ దిక్కు ఇదే. హెచ్-1బీ వాళ్ళు బిడ్డకు హెచ్-4 (డిపెండెంట్ వీసా) తీసుకోవాలన్నా అదే రెండేళ్ళ షరతు. అయితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఏడాదికి పైగా బయటుంటే ఆ కార్డుకే ముప్పు, రీఎంట్రీ పర్మిట్ తీసుకుని రావాలి. ఈ పత్రంతో బిడ్డను దేశం దాటించాలన్నా కారా ఎన్‌ఓసీ కావాలి. హిందూ దత్తత చట్టంలో ఇంకో మెలిక, కొడుకున్నవాళ్ళు కొడుకుని, కూతురున్నవాళ్ళు కూతుర్ని దత్తత తీసుకోకూడదు. ఎలాగూ తిరిగొచ్చేద్దాం అనుకుంటున్న జంటకు ఇది బంగారం లాంటి దారి. మిగతావాళ్ళకు ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయినట్టే.

మా మరదలు ఉద్యోగం మానేసి వచ్చేసింది. అత్తగారింట్లో ఉందామనుకుంటే లాయరు వద్దన్నాడు. కన్నవాళ్ళు కూడా ఆ ఇంట్లోనే ఉంటే, పెంచేది మీరేనని నిరూపించడం కష్టమన్నాడు. ఇప్పుడు విజయవాడలో అద్దెకుంటోంది. వంటింటి అలమారలో ఒక నీలం ఫైలు. అద్దె రసీదులు, టీకాల కార్డు, ప్లేస్కూల్ ఫీజు బిల్లులు, పిల్లల డాక్టరు చీటీలు, అన్నిటి మీదా తల్లి పేరు చోట ఆమె పేరే. తమ్ముడు ఆదివారాలు చూడ్డానికి వస్తే బాబు "బాబాయ్" అంటూ ఎదురెళ్తాడు. వచ్చే దసరాకి రెండేళ్ళు నిండుతాయి.