అరవై దాటాక నడకా? బరువులా?

ఖర్చు: నడకకు ఒక జత బూట్లు చాలు. బరువులకు జిమ్ ఫీజు. ఇంట్లోనైతే నీళ్ల సీసాలు, గట్టి కుర్చీ.

ఫలితం: గుండెకు, షుగర్‌కు నడక మంచిదే. కానీ వయసుతో కరిగిపోయే కండను నిలబెట్టడం దానివల్ల పెద్దగా కాదు. 1990లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో వృద్ధాశ్రమంలోని తొంభై ఏళ్లవాళ్లచేత 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. పూర్తిచేసినవాళ్ల కాలిబలం సగటున 174 శాతం పెరిగింది. పదిమందితో చేసిన చిన్న ప్రయోగమే, అయినా ఆ వయసులో!

రిస్కు: నడకకు మన రోడ్లు, వీధికుక్కలు. బరువులెత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఎగబాకుతుంది.

ఎవరికేది: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోతే, నా ఓటు బరువులకే. మెట్లెక్కితే ఆయాసపడేవాళ్లు డాక్టరుకు చూపించుకుని, మెల్లగా నడకతో మొదలుపెట్టాలి.